సెప్టెంబరు 17: దండలు అమరులకు, హక్కులు ఎవరికి?

(కల్వకుర్తి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సెప్టెంబరు 17 దగ్గర పడుతున్నది. ఏటా ఈ రోజుల్లో మన వీధుల్లోకి పార్టీల వాళ్ళు వస్తారు. ఒకరు విమోచన దినమంటారు. ఒకరు సమైక్యతా దినమంటారు. ఒకరు ప్రజాపాలన దినోత్సవమంటారు. ఇంకొకరు సాయుధ పోరాట వారోత్సవాలంటారు. పేర్లు వేరైనా మనల్ని అడిగేది మాత్రం ఒక్కటే: మీవాళ్ళు నలుగురు మా వేదిక మీద కనిపించాలి. అందుకే మన యువకులు మమ్మల్ని పదేపదే అడుగుతున్నారు, ఆ రోజు ఏ జెండా కింద నిలబడాలని. ఇంటి తలుపులు వేసుకుని కూర్చోవడమే మేలని కొందరు పెద్దలు సలహా ఇస్తున్నారు. నలుగురిలో కనబడకపోతే అనుమానిస్తారు, కనుక అందరికన్నా ముందే వెళ్ళి జెండాకు వందనం చేయాలని మరికొందరు అంటున్నారు. ఈ మూడు మాటల వెనుకా ఉన్నది ఒకే బాధ. ఆ బాధకు మూలమెక్కడో విచారించడానికే ఈ సభ.

ముందుగా ఈ రోజు చరిత్రను క్లుప్తంగా చెప్పుకుందాం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. ఆ తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ తేదీని ప్రభుత్వ పండుగగా జరపలేదు. తెలంగాణ ఉద్యమ కాలంలో అధికారికంగా జరపాలని గట్టిగా అడిగిన పార్టీయే 2014లో రాష్ట్రం ఏర్పడి అధికారంలోకి వచ్చాక ఎనిమిదేళ్ళు ఆ మాట ఎత్తలేదు. 2022లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో హైదరాబాద్ విమోచన దినాన్ని జరిపింది. అదే సమయంలో రాష్ట్ర ప్రభుత్వం తెలంగాణ జాతీయ సమైక్యతా వజ్రోత్సవాలంటూ మూడు రోజుల ఉత్సవం చేసింది. మజ్లిస్ పార్టీ కూడా జాతీయ సమైక్యతా దినంగానే జరపాలని కోరి, మువ్వన్నెల జెండాలతో ఊరేగింపు తీసింది. 2023లో అదే తేదీన కాంగ్రెస్ పార్టీ తుక్కుగూడలో భారీ సభ పెట్టి ఆరు గ్యారంటీలను ప్రకటించింది. 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముంగిట, కేంద్రం ఏటా ఈ రోజును విమోచన దినంగా జరపాలని గెజిట్‌లో ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరులో రాష్ట్రంలోని కాంగ్రెస్ ప్రభుత్వం దీనికి ప్రజాపాలన దినోత్సవమని పేరు పెట్టింది. భారత కమ్యూనిస్టు పార్టీ సెప్టెంబరు 11 నుంచి వారం రోజులు సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతుంది. 1947లో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన తేదీ అది.

ఒక తేదీకి ఇన్ని పేర్లు ఎందుకు వచ్చాయి? చరిత్ర పుటల్లో దొరికిన కొత్త ఆధారం వల్ల ఏ పేరూ మారలేదు. మార్పులన్నీ ఎన్నికల చుట్టే జరిగాయి. పేరు ఎవరిదైతే ఓట్లు వారివన్న లెక్క తప్ప ఇందులో వేరే విద్య లేదు. కనుక పేరు మీద జరిగే తగవులో తీర్పరులుగా కూర్చోవలసిన పని మనకు లేదు. మనం అడగవలసిన ప్రశ్న ఇది: ఆ రోజుల్లో మనుషులు ఏ హక్కు కోసం ప్రాణాలిచ్చారు? ఆ హక్కు ఈ రోజు ఎవరి చేతిలో ఉంది?

తెలంగాణ పోరాటం మన జిల్లాల్లో మొదట పౌరహక్కుల పోరాటమే. వెట్టిచాకిరి చేయననే హక్కు, దున్నిన భూమి మీద హక్కు, సభ పెట్టుకునే హక్కు, పత్రికలో రాసే హక్కు, నేరం రుజువు కాకుండా శిక్ష పడకూడదనే హక్కు, వీటి కోసమే జనం కదిలారు. ఈ హక్కుల కోసం నిలిచిన ముగ్గురు ముస్లింలను ఇక్కడ తలుచుకుందాం. మూడు పార్టీల వేదికల మీద ఈ పేర్లు ముక్కలుగా వినబడతాయి. ఒకే చోట కలిపి వినడం అవసరం.

మొదటివారు షేక్ బందగీ. నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కామారెడ్డిగూడెం ఆయన ఊరు. చిన్న రైతు. తన భూమి కోసం, వెనుక విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఉన్నాడని తెలిసీ, కోర్టుకెక్కి పోరాడారు. 1940 జులై 27న దేశ్‌ముఖ్ మనుషులు ఆయనను చంపారు. దొడ్డి కొమరయ్య కడవెండిలో నేలకొరిగింది 1946లో. అంటే అంతకు ఆరేళ్ళ ముందే, ఇంకా సంఘం లేనప్పుడు, తుపాకీ లేనప్పుడు, చేతిలో కాగితం మాత్రమే పట్టుకుని ఒక పేద ముస్లిం రైతు గడీకి ఎదురు నిలిచారు.

రెండవవారు షోయబుల్లా ఖాన్. ఈ పేరుకు మన కల్వకుర్తితో ఉన్న బంధం మన పిల్లలకు తెలియాలి. ఆయన పనిచేసిన ఉర్దూ పత్రిక రయ్యత్. దాని సంపాదకుడు మందుముల నరసింగరావు. 1952 ఎన్నికల్లో మన కల్వకుర్తి నుంచే శాసనసభకు వెళ్ళినవారు. రయ్యత్‌ను నిజాం ప్రభుత్వం మూయించిన తరువాత, మన పక్కనే ఉన్న పడకల్లులో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు వంటివారి ప్రోత్సాహంతో షోయబుల్లా ఖాన్ ఇమ్రోజ్ పత్రిక పెట్టారు. రజాకార్ల దౌర్జన్యాలను ఖండించారు, బాధ్యతాయుత ప్రభుత్వం కావాలన్నారు, సంస్థానం భారతదేశంలో చేరాలన్నారు. ఇదే కోరుతూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను అచ్చువేశారు. వారిలో ఒకరైన ఫరీద్ మీర్జా అప్పటికే ప్రభుత్వోద్యోగం వదులుకున్నవారు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక, పత్రిక పని ముగించుకుని ఇంటికి వెళుతున్న షోయబుల్లా ఖాన్‌ను కాచిగూడ ప్రాంతంలో కాల్చి, రాసే చేతిని నరికారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు.

మూడవవారు మఖ్దూం మొహియుద్దీన్. మెదక్ జిల్లా అందోలులో పుట్టిన ఉర్దూ కవి, కార్మిక నాయకుడు. 1952లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి శాసనసభలో అడుగుపెట్టారు. హుజూర్‌నగర్ రైతులు తెలుగు మాట్లాడేవారు, అత్యధికులు హిందువులు. ఒక ఉర్దూ కవిని వారు తమ ప్రతినిధిగా ఎన్నుకోవడానికి కారణం ఆయన మతమూ కాదు, భాషా కాదు. తమ భూమికి, తమ కూలికి ఆయన అండగా నిలిచారని వారికి తెలుసు.

ఈ ముగ్గురి జీవితాలను పక్కపక్కన పెట్టి చూడండి. బందగీని చంపించింది ముస్లిం పాలకుడి నీడలో బతికిన హిందూ దేశ్‌ముఖ్. కాబట్టి ముస్లిం పాలకుడికీ హిందూ ప్రజకూ జరిగిన యుద్ధంగా ఆ కాలాన్ని చూపే వేదిక మీద బందగీ ఇమడరు. షోయబుల్లా ఖాన్‌ను చంపింది ముస్లింల పేరు చెప్పుకున్న రజాకార్లు. కాబట్టి నిజాం పాలనలో అందరూ చల్లగా బతికారని చెప్పే వేదిక మీద షోయబుల్లా ఖాన్ ఇమడరు. అందుకే ఒకరు బందగీని వదిలి షోయబుల్లాను తీసుకుంటారు. ఇంకొకరు ఇద్దరినీ వదిలి విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, చెరువుల లెక్క చెబుతారు. వేరొకరు బందగీని తీసుకుని, ఆ ఊళ్ళలోని నేటి పేద ముస్లింకు సెంటు భూమి ఉందా లేదా అని అడగడం మరిచిపోతారు. అమరుడి జీవితంలోంచి తమకు పనికొచ్చే ముక్కను కోసుకోవడం స్మరణ అనిపించుకోదు.

ఇక లెక్కలోకి రాని మృతుల సంగతి. ఇది చెప్పడానికి కష్టమైన విషయం. వినడానికి కూడా కష్టమే. అయినా తూకం తప్పకుండా చెప్పాలి.

1947, 48 సంవత్సరాల్లో రజాకార్లు, నిజాం పోలీసులు మన తెలంగాణ పల్లెల్లో ఘోరాలు చేశారు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద తూటాలు కురిశాయి. మన పాలమూరు జిల్లాలో అప్పంపల్లి నేల రైతుల నెత్తురు చూసింది. నల్లగొండ జిల్లా గుండ్రాంపల్లి పేరు వింటే ఇప్పటికీ ఆ ప్రాంత వృద్ధుల గొంతు మారుతుంది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఒక్క రోజులో ఊరు ఊరంతా శోకంలో మునిగింది. ఈ మృతులు మన మృతులు. రజాకార్లు చేసింది జులుం. దానికి ఇస్లాం పేరు తగిలించడం మరో జులుం. ఈ మాట అనడానికి మనం ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు, ఎవరి మెప్పూ ఆశించనక్కర్లేదు. షోయబుల్లా ఖాన్ ఆనాడే ప్రాణమిచ్చి ఈ మాట అన్నారు.

సెప్టెంబరు 17 తరువాత జరిగినదీ చెప్పుకోవాలి. సైనిక చర్య అనంతరం సంస్థానంలో ముస్లింల మీద హత్యాకాండ సాగిందన్న వార్తలు రావడంతో భారత ప్రభుత్వమే ఒక సద్భావ బృందాన్ని పంపింది. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అందులో సభ్యులు. 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు పదహారు జిల్లాల్లో తొమ్మిదింటిలో వారు పర్యటించారు. చాలా తక్కువగా వేసుకున్నా ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నింటికన్నా ఎక్కువగా నష్టపోయాయని రాశారు. తరువాతి వరుసలో చెప్పిన నాలుగు జిల్లాల్లో మన నల్లగొండ ఉంది, మెదక్ ఉంది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి ప్రజల కంటపడలేదు.

ఆ నివేదికలోనే మరొక సంగతి ఉంది. చాలాచోట్ల హిందువులు తమ ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువారిని కాపాడారని, ముఖ్యంగా ఒకే వృత్తి చేసుకునేవారి మధ్య ఈ సోదరభావం గట్టిగా కనిపించిందని, కొన్నిచోట్ల హిందూ చేనేత కార్మికులు ముస్లిం చేనేత కార్మికులను రక్షించబోయి తామే ప్రాణాలు పోగొట్టుకున్నారని సుందర్‌లాల్ బృందం రాసింది. మగ్గం పక్క మగ్గం పెట్టుకుని బతికినవారి బంధం అది. ఆ నేతగాళ్ళకు ఏ పార్టీ దండ వేసింది? ఏ వేదిక మీద వారి పేరు పలికారు?

ద్వేషం ఉన్న చోట కూడా న్యాయం తప్పవద్దని, సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా నిజమే చెప్పాలని ఖుర్ఆన్ మనకు నేర్పింది. ఆ ఆదేశాన్ని పాటిస్తే మన దారి తేటపడుతుంది. బైరాన్‌పల్లి మృతులనూ, సైనిక చర్య తరువాతి మృతులనూ ఒకే పుటలో రాయాలి. ఒకరి నెత్తురుతో మరొకరి నెత్తురును చెరిపేయాలని చూసే ఏ స్మారక దినమూ పౌరహక్కుల దినం కాజాలదు.

ఇప్పుడు ఇటీవలి కాలానికి వద్దాం. పౌరహక్కుల ఉద్యమం అని మన తెలుగువారు ఆ పేరుతోనే పిలుచుకున్న ఉద్యమం ఒకటుంది. 1970ల్లో మొదలైన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి శ్రీశ్రీ తొలి అధ్యక్షుడు. బాలగోపాల్ చాలా ఏళ్ళు కార్యదర్శిగా దానికి వెన్నెముకగా నిలిచి, 1998లో మానవ హక్కుల వేదికను స్థాపించారు. రాజ్యాంగం రాసిపెట్టిన హక్కును పోలీసు స్టేషన్‌లో, న్యాయస్థానంలో, పల్లెలో అమలు చేయమని అడగడమే వీరి పని. ఆ మాత్రం అడిగినందుకు ఎంత మూల్యం చెల్లించారో చూడండి. 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథంను ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. 1991లో అదే వరంగల్‌లో న్యాయవాది నర్రా ప్రభాకరరెడ్డి. 2000 నవంబరులో హైదరాబాద్‌లో పురుషోత్తం. 2001 ఫిబ్రవరి 18న మన పొరుగున నల్లగొండలో ఆజం అలీ.

ఆజం అలీ పేరు దగ్గర కొంచెం ఆగుదాం. నల్లగొండ జిల్లాలో పౌరహక్కుల సంఘం బాధ్యుడు. హిందువా ముస్లిమా, ఏ పార్టీ, ఏ కులం అని చూడకుండా పోలీసు హింసకు గురైన ప్రతివారి తరఫునా నిలిచారు. ఆయనను నడివీధిలో కత్తులతో నరికారు. బందగీ పేరుతో సభలు జరిగే నల్లగొండ గడ్డ మీదే, షోయబుల్లా పేరు మారుమోగే సెప్టెంబరు నెలలోనే, ఏ పెద్ద పార్టీ వేదిక నుంచీ ఆజం అలీ పేరు మేము వినలేదు. ఎందుకు?

ఈ ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు దొరికితే పార్టీల స్మరణ రహస్యం మనకు బోధపడుతుంది. నిజాం ఇప్పుడు లేడు. దేశ్‌ముఖ్ గడీలు కూలిపోయాయి. రజాకార్ల సంస్థ ముగిసి ఏడున్నర దశాబ్దాలు దాటింది. ఆనాటి అమరులను తలిస్తే ఎవరికీ సమాధానం చెప్పుకోవలసిన పని లేదు. కానీ పౌరహక్కుల ఉద్యమం ప్రశ్నించిన ప్రతివాది ఇంకా ఉన్నాడు. లాఠీ ఉంది, లాకప్పు ఉంది, నిర్బంధ చట్టం ఉంది. ఈ రోజు వాటిని నడిపేది ఒక పార్టీ. రేపు నడపాలని ఆశపడేది ఇంకొక పార్టీ. అందుకే గతించిన పాలకుడిని ఎదిరించినవారు అందరికీ అమరులే. ఉన్న పాలకుడిని ఎదిరించినవారికి మాత్రం అన్ని పార్టీల పంచాంగాల్లోనూ తిథి దొరకదు.

ఇది మన కళ్ళముందు రుజువైన మాట. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో పేలుడు జరిగింది. పేలుడులో తొమ్మిది మంది, తరువాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. ఆపై పట్టుకుపోయింది ముస్లిం యువకులనే. చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలను నిజమేనని రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది నివేదిక తేల్చింది. న్యాయస్థానాలు ఆ యువకులను నిర్దోషులుగా వదిలిపెట్టాయి. 2012లో నాటి కాంగ్రెస్ ప్రభుత్వం వారికి పరిహారం ఇచ్చింది. నిర్దోషులుగా బయటపడిన వారికి మూడేసి లక్షలు, పట్టుకెళ్ళి వదిలేసిన వారికి ఇరవయ్యేసి వేలు. అలా పరిహారం ఇవ్వడానికి చట్టం లేదన్న వాదన నడిచి, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. 2018 ఏప్రిల్‌లో, పేలుడు కేసులో తరువాత విచారణ ఎదుర్కొన్న వారినీ ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులని వదిలేసింది. పద్నాలుగు ప్రాణాలు పోయాయి. దోషి అంటూ ఎవరూ మిగల్లేదు. తప్పుడు కేసులో జైలుకు వెళ్ళినవారికి పరిహారం ఇచ్చే చట్టం చేస్తామని ఏ పార్టీ ముందుకు రాలేదు.

2015 ఏప్రిల్ 7. తెలంగాణ వచ్చి ఏడాది కూడా నిండలేదు. వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకువస్తున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు నాటి నల్లగొండ జిల్లా ఆలేరు సమీపంలో పోలీసు వాహనంలోనే కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. బేడీలతో ఉన్న శవాల చిత్రాలు పత్రికల్లో వచ్చాయి. ఇది బూటకపు ఎన్‌కౌంటరని కుటుంబాలు, హక్కుల సంఘాలు అన్నాయి. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. చనిపోయినవారి మీద ఉన్న కేసులు తీవ్రమైనవే కావచ్చు. తీర్పు చెప్పవలసింది న్యాయమూర్తి, తుపాకీ కాదు. రుజువు కాకుండా శిక్ష పడకూడదనే హక్కు నేరారోపణ లేనివారికి అవసరమే లేదు. ఆరోపణ ఎదుర్కొనేవారి కోసమే ఆ హక్కు పుట్టింది.

ఇది మన ఒక్క దేశపు వ్యవహారం కాదు. అమెరికాలో నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమం ప్రపంచానికి తెలిసినది. మార్టిన్ లూథర్ కింగ్ జన్మదినాన్ని జాతీయ సెలవుగా ప్రకటించే చట్టం మీద 1983లో అధ్యక్షుడు రీగన్ సంతకం చేశారు. ఆనాటి నుంచి రెండు పెద్ద పార్టీలూ కింగ్‌ను కొనియాడుతూనే ఉన్నాయి. ఆ ఉద్యమం సాధించిన గొప్ప ఫలం 1965 నాటి ఓటు హక్కు చట్టం. నల్లవారి ఓటును అడ్డుకున్న చరిత్ర గల రాష్ట్రాలు ఎన్నికల నిబంధనలు మార్చాలంటే ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలన్నది అందులోని పదునైన నిబంధన. 2006లో ఆ చట్టాన్ని పొడిగించినప్పుడు రోజా పార్క్స్ వంటి వీరనారుల పేర్లను చట్టం పేరులోనే చేర్చారు. సెనేట్‌లో ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడలేదు. 2013 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ నిబంధన నిర్వీర్యమైపోయింది. రెండు నెలలకే, ఆగస్టులో, వాషింగ్టన్ మహాప్రదర్శన యాభయ్యేళ్ళ పండుగ ఘనంగా జరిగింది. పోయిన నిబంధనకు బదులు మరొకటి తెచ్చే చట్టం నేటికీ రాలేదు. వీరుల పేర్లు చట్టం మీద ఉన్నాయి, చట్టంలోని పదును లేదు. దండకూ హక్కుకూ మధ్య ఎంత దూరం ఉండగలదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

మళ్ళీ మన ఇంటికి వద్దాం. స్మరణ పేరుతో జరిగే ఈ రాజకీయం భారం చివరకు ఎవరి మీద పడుతున్నది? మన పిల్లల మీద. 2024 ఎన్నికల ముందు రజాకార్ల మీద సినిమా వచ్చింది. సెప్టెంబరు ఉపన్యాసాలు సరేసరి. ఆ వేడిలో తరగతి గదిలో ఒక పిల్లవాణ్ణి తోటి పిల్లలు రజాకార్ అని పిలిస్తే వాడు ఏం చెప్పగలడు? 1948 నాటికి వాడి తాత కూడా పుట్టి ఉండకపోవచ్చు. వాడి ముత్తాత కల్వకుర్తి అంగడిలో బట్టలు కుట్టుకునో, దూది ఏకుకునో, ఎవరి పొలంలోనో జీతముండో బతికినవాడై ఉంటాడు. గడీ వెట్టి ఆ ముత్తాతకూ తప్పలేదు. ఆ పిల్లవాడి చేతికి బందగీ చరిత్రను మనం ఇవ్వాలి. అయితే బందగీని వాడి దేశభక్తికి ధ్రువపత్రంగా ఇవ్వకూడదు. తాను నిర్దోషినని రుజువు చేసుకోవలసిన అగత్యం ఏ పిల్లవాడికీ లేదు. బందగీ మన గుణపత్రం కాదు, మన వారసత్వం. మనతో పాటు అది ఐలమ్మ వారసులది, కొమరయ్య వారసులది కూడా.

కాబట్టి ఏ జెండా కింద నిలబడాలని అడిగిన యువకులకు మా మాట ఇది. ఇంట్లో తలుపులు వేసుకోవద్దు. దాక్కుంటే మనది కాని నేరాన్ని మన నెత్తిన వేసుకున్నట్లవుతుంది. అలాగని పిలిచిన ప్రతి వేదిక ఎక్కి టోపీలు చూపించే బొమ్మలుగా కూర్చోవద్దు. ఏ పార్టీ పిలిచినా వినయంగా, లిఖితపూర్వకంగా మూడు ప్రశ్నలు అడుగుదాం.

మొదటిది: రజాకార్ల చేతిలో చనిపోయిన గ్రామస్థుల పేర్లనూ, సైనిక చర్య సమయంలో, ఆ తరువాత చనిపోయిన ముస్లింల పేర్లనూ ఊరూరా సేకరించి ఒకే గ్రంథంగా ప్రభుత్వం చేత అచ్చువేయిస్తారా? సుందర్‌లాల్ నివేదికను తెలుగులో, ఉర్దూలో ప్రభుత్వ ప్రచురణగా తెస్తారా?

రెండవది: ఆలేరు ఘటనపై ప్రత్యేక దర్యాప్తు బృందం తేల్చినదాన్ని శాసనసభ ముందు ఉంచుతారా? తప్పుడు కేసుల్లో జైలుపాలై నిర్దోషులుగా బయటికి వచ్చినవారికి, వారు ఏ మతంవారైనా, పరిహారం హక్కుగా దక్కే చట్టం చేస్తారా?

మూడవది: బందగీ అడిగిన భూమి, షోయబుల్లా అడిగిన పత్రికా స్వేచ్ఛ మీ పాలనలో ఎలా ఉన్నాయి? 2016లో సుధీర్ కమిషన్ తెలంగాణ ముస్లింల పేదరికాన్ని లెక్కలతో చూపింది. 2017లో పన్నెండు శాతం రిజర్వేషన్ బిల్లును శాసనసభ ఆమోదించింది, అది అమలుకు నోచుకోలేదు. ఉన్న నాలుగు శాతం 2010 నుంచి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నిలిచి ఉంది. దీనికి మీ జవాబు ఏమిటి?

జవాబు రాసి ఇచ్చిన పార్టీ సభకు వెళదాం. జవాబు నచ్చకపోయినా వెళ్ళి విందాం, ఎదురు చెబుదాం. జవాబే ఇవ్వని వేదిక మీద మన కుర్చీ ఖాళీగా ఉండనీయండి. ఆ ఖాళీ కుర్చీ కూడా ఒక మాట చెబుతుంది.

ఇక మనకు మనం చేసుకోవలసిన పనులున్నాయి. కల్వకుర్తి, వెల్దండ, ఆమనగల్లు, తలకొండపల్లి, వంగూరు మండలాల్లో ఎనభై ఏళ్ళు దాటిన పెద్దలు కొద్దిమందే మిగిలారు. హిందువులైనా ముస్లింలైనా, ఆ రోజుల గురించి తల్లిదండ్రుల నోట విన్నది వారి మాటల్లోనే రాసిపెట్టాలి. ఎవరు ఎవరి ఇంట్లో దాక్కున్నారు, ఎవరు ఎవరికి అన్నం పెట్టారు, ఎవరి భూమి ఎవరికి పోయింది, అన్నీ రాయాలి. చేదుగా ఉన్నదాన్ని వదిలేయవద్దు. మన నియోజకవర్గం ఇప్పుడు రెండు జిల్లాల్లో ఉంది, నాగర్‌కర్నూలులో కొంత, రంగారెడ్డిలో కొంత. జిల్లాల గీతలు మారినా జ్ఞాపకాలకు గీతలు లేవు. చదువుకున్న ఆడపిల్లలు ఈ పనిలో ముందుండాలని మా కోరిక. ఇళ్ళలోపలి ముసలమ్మలు మనసు విప్పేది వారితోనే.

రెండవ పని, ఆజం అలీ వర్ధంతి ఫిబ్రవరి 18ని మన పట్టణంలో పౌరహక్కుల దినంగా జరుపుకుందాం. ఆ రోజు ఉపన్యాసాల కన్నా పని ఎక్కువ జరగాలి. అరెస్టయిన మనిషికి ఏయే హక్కులున్నాయో, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న రాజ్యాంగ నియమమేమిటో, పేదవారికి ఉచిత న్యాయసహాయం ఎలా దొరుకుతుందో న్యాయవాదులు వచ్చి చెప్పాలి. ఓటరు జాబితాలో పేరు ఉందో లేదో అక్కడికక్కడే చూసుకోవాలి. తండాల నుంచి, దళితవాడల నుంచి వచ్చేవారికీ ఆ సభ తలుపులు తెరిచే ఉండాలి. లాకప్పు గోడకు మతం తెలియదు.

మిత్రులారా, బందగీ ఏ పార్టీ సభ్యత్వమూ తీసుకోకముందే న్యాయం అడిగారు. షోయబుల్లా ఖాన్ తనవాళ్ళమని చెప్పుకున్నవారికే ఎదురు నిలిచి న్యాయం రాశారు. ఆజం అలీ తనకు ఏమీ కానివారి కోసం న్యాయస్థానాల చుట్టూ తిరిగారు. వీరికి మనం ఇవ్వగల గౌరవం ఆ న్యాయాన్ని అడగడం మానకపోవడమే. అల్లాహ్ మనకు నిజం పలికే ధైర్యాన్ని, శత్రువు విషయంలో సైతం న్యాయం తప్పని బుద్ధిని ప్రసాదించుగాక. ఈ సెప్టెంబరు 17న మూడు ప్రశ్నల కాగితం ప్రతి పార్టీ కార్యాలయానికీ చేరుతుంది. ఇన్షా అల్లాహ్, వచ్చిన జవాబులను, రాని జవాబులను కూడా, ఇదే సభలో అందరి ముందూ చదివి వినిపిస్తాం.

వస్సలాం.